షట్‌డౌన్ వేరు, రీస్టార్ట్ వేరు: కంప్యూటర్ ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ ఉందండీ. రోజూ రాత్రి పద్ధతిగా షట్‌డౌన్ చేసే పడుకుంటాను, అయినా వారం తిరిగేసరికి మొరాయిస్తుంది, వైఫై కూడా ఓ పట్టాన కలవదు. మొన్న మా అబ్బాయి రీస్టార్ట్ కొడితే బాగైపోయింది. రెండూ ఒకటే కదా, మరి ఈ తేడా ఏంటి?

జవాబు: ఒకటే అని అందరం అనుకుంటాం గానీ కాదండీ. విండోస్ 8 వచ్చినప్పుడు, అంటే 2012లో, ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి పెట్టారు, చాలా కంప్యూటర్లలో అది ఆన్‌లోనే ఉంటుంది. మీరు షట్‌డౌన్ నొక్కగానే తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ మూసేస్తుంది, అది నిజమే, కానీ విండోస్ లోపలి సరుకు ఉంటుంది చూడండి, కెర్నల్ అనే విండోస్ గుండెకాయ, వైఫై, సౌండ్ లాంటివాటిని నడిపే డ్రైవర్లనే ప్రోగ్రాములు, వాటిని మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఒక ఫైల్లో రాసుకుని డిస్కులో దాచేస్తుంది, పొద్దున ఆన్ చేస్తే దాన్నే మళ్ళీ మెమరీలోకి ఎక్కించుకుంటుంది. అందుకే తొందరగా లేస్తుంది, కాకపోతే నిన్న తిక్కగా ఉన్న వైఫై డ్రైవర్ ఇవాళ కూడా అదే తిక్కతో లేస్తుంది. రీస్టార్ట్‌లో ఈ దాచుకోవడాలు ఉండవు, అన్నీ మొదట్నుంచి లోడ్ అవుతాయి.

నమ్మకం కుదరకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కింద అప్ టైమ్ అని ఉంటుంది. అందులో మొదటి అంకె రోజులు. రోజూ రాత్రి ఆపేసే మనిషికి అక్కడ 11 అనో 20 అనో కనపడితే సంగతి అర్థమైపోతుంది.

వారానికోసారి రీస్టార్ట్ చేస్తే చాలు. లేదా షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగిపోతుంది.

టాస్క్ మేనేజర్ ఎలాగూ తెరిచారు కాబట్టి పక్కనే స్టార్టప్ యాప్స్ కూడా చూసేయండి. మనం ఎప్పుడో ఓసారి వాడిన యాప్‌లు కూడా కొన్ని కంప్యూటర్ ఆన్ అవ్వగానే మేమున్నామంటూ వచ్చి కూర్చుంటాయి, అవన్నీ ఆ లిస్టులో దొరుకుతాయి. అక్కర్లేనిదాని మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ అనండి, యాప్ ఎక్కడికీ పోదు, పిలవకుండా రాదు, అంతే. యాంటీవైరస్, సౌండ్, టచ్‌ప్యాడ్‌వి మాత్రం వదిలేయండి. కొత్త ర్యామ్ కొనాలా అని ఆలోచించే ముందు ఈ రెండూ చేసి చూడమంటాను.

ప్రశ్న: ఒకటి కాపీ చేసి, పేస్ట్ చేసేలోపే ఇంకోటి కాపీ చేసేస్తాను. మొదటిది పోయినట్టేనా?

జవాబు: కంట్రోల్ వి బదులు విండోస్ కీ పట్టుకుని వి నొక్కండి. మొదటిసారి ఆన్ చేయమంటుంది, ఆన్ చేశాక కాపీ చేసినవి 25 దాకా గుర్తుపెట్టుకుంటుంది, కావాల్సింది ఎంచుకోవడమే. రీస్టార్ట్ చేస్తే పోతాయి, రోజూ వాడే అడ్రస్ లాంటివి ఉంటే పిన్ చేసుకోండి. మీరు కాపీ చేసిన పాస్‌వర్డ్ కూడా అందులో కనపడొచ్చు, నలుగురూ వాడే కంప్యూటర్ అయితే చూసుకోండి మరి.

ప్రశ్న: సి డ్రైవ్ ఎర్రగా అయిపోయింది. పెద్ద పెద్ద వీడియోలు డిలీట్ చేశా, ఖాళీ మాత్రం పెరగలేదు!

జవాబు: అవి రీసైకిల్ బిన్‌లో కూర్చున్నాయి, బిన్ ఖాళీ చేస్తేనే జాగా వస్తుంది. తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లోకి వెళ్తే ఏది ఎంత మింగిందో చూపిస్తుంది, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఓసారి చూడండి. విండోస్ ఫోల్డర్లో చేయి పెట్టొద్దు.

ప్రశ్న: ఫోటోలన్నీ క్లౌడ్ ఫోల్డర్లో పెట్టాను. ఇక వేరే బ్యాకప్ అక్కర్లేదు కదా?

జవాబు: కావాలండీ. ఆ ఫోల్డర్ చేసేది సింక్. ఇక్కడ ఉన్నది అక్కడ ఉంటుంది, ఇక్కడ పోయింది అక్కడా పోతుంది. పిల్లలు పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే క్లౌడ్‌లో కూడా ట్రాష్‌కి వెళ్ళిపోతుంది, గూగుల్ డ్రైవ్‌లో అయితే 30 రోజుల తర్వాత అక్కడ్నుంచీ మాయం. రెండు నెలలకి గానీ మీరు చూసుకోలేదనుకోండి, ఇక ఎవరూ ఏం చేయలేరు. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తీసుకుని నెలకోసారి కాపీ చేయండి, చేశాక కేబుల్ పీకేసి బీరువాలో పెట్టండి. పీకేయమని ఎందుకంటున్నానంటే, ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళం వేసి తీయాలంటే డబ్బులడిగే వైరస్ లాంటిది, వస్తే కంప్యూటర్‌కి తగిలించి ఉన్న డిస్కులకి కూడా తాళం వేసేస్తుంది. కాపీ అయిన వాటిలో నాలుగైదు ఫోటోలు తెరిచి చూసుకోండి, కాపీ అయింది అని మెసేజ్ రాగానే సరిపోయిందనుకోవద్దు.

ప్రశ్న: బ్రౌజర్‌లో చదువుతున్న ట్యాబ్ పొరపాటున మూసేశా. మళ్ళీ వెతుక్కోవాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, టి కలిపి నొక్కండి, వచ్చేస్తుంది. ఇంకోసారి నొక్కితే దానికి ముందు మూసింది కూడా వస్తుంది. హిస్టరీ దాచుకోని ఇన్‌కాగ్నిటో విండోలో మాత్రం పనిచేయదు.