బఫెలో నికెల్ మీద సంవత్సరం తెప్పించాలని నేను చేసిన పని

"సంవత్సరం పూర్తిగా అరిగిపోయిన బఫెలో నికెల్ మీద యాసిడ్ వేస్తే అంకెలు మళ్లీ కనిపిస్తాయంటారు, నిజమేనా? వేయొచ్చా?" అని అడిగారు. బఫెలో నికెల్ అంటే ఒక వైపు రెడ్ ఇండియన్ తల, ఇంకో వైపు దున్న ఉండే పాత అమెరికా ఐదు సెంట్ల నాణెం. కనిపిస్తాయి. వేయకండి. నేను వేసి, చేజేతులా ఒక మంచి నాణెం పాడుచేసుకున్నాను.

1918లో డెన్వర్ మింటు (టంకశాల) కొట్టిన నాణేల్లో, సంవత్సరం చివర 7 అంకె మీద 8 పడిన రకం ఒకటుంది, చాలా అరుదు. అదెక్కడైనా తగులుతుందేమోనన్న ఆశతో అంకెల్లేని నికెల్స్ ఒక సంచెడు కొన్నాను. ఈ పనికి వాడే యాసిడ్, ఫెర్రిక్ క్లోరైడ్ తెచ్చి, గ్లౌజులు తొడుక్కుని, కిటికీ తెరిచి కూర్చున్నాను. మొదటి నాణెం మీద, ఆ రెడ్ ఇండియన్ భుజం దగ్గర, ఒక్క చుక్క వేశాను. కాసేపటికి నున్నటి లోహంలోంచి 1, 9, 1, చివరికి 3 తేలాయి. అచ్చు కొట్టినప్పుడు అంకెల కింది లోహం వేరేగా నొక్కుకుపోతుంది. అందుకే పైన అరిగిపోయినా యాసిడ్ అక్కడ వేరేగా తింటుంది. సంతోషం పట్టలేకపోయాను.

కడిగి బొరుసు వైపు తిప్పాను. దున్న మట్టిదిబ్బ మీద నిలబడి ఉంది! దిబ్బ ఉన్న రకం 1913లో తప్ప ఇంకే ఏడూ కొట్టలేదు. అంటే ఏ చుక్కా అక్కర్లేదు, ముందే తిప్పి చూసుంటే సరిపోయేది. దున్న కింద శాన్‌ఫ్రాన్సిస్కో మింటు వాళ్ల గుర్తు 'ఎస్' కూడా ఉంది. భుజం మీద మాత్రం బొబ్బలెక్కినట్టు గరుకు మచ్చ, అది నా పుణ్యమే.

అసలు తప్పు మింటుదే అంటాను. 'ఐదు సెంట్లు' అన్న అక్షరాలు అరిగిపోతాయని ఆ ఏడాదే దిబ్బ తీసేసి వాటిని పల్లంలోకి దించారు కదా, అదే చేత్తో సంవత్సరాన్ని కూడా దించొచ్చుగా? 1938లో ఆపేసేదాకా దాన్ని ఎత్తుగానే వదిలేశారు. పావు డాలరు మీద ఇదే తప్పును 1925లో దిద్దుకున్నారు మరి!

ఇంకో ఒళ్లు మండే సంగతి, యాసిడ్ వేసిన నాణేన్ని ఆ మాట చెప్పకుండా అమ్మేవాళ్లు. అంకెల చుట్టూ రంగు తేడాగా, గరుగ్గా ఉంటే అనుమానించండి. గ్రేడింగ్‌కి, అంటే నాణెం స్థితిని నిపుణులు తేల్చే చోటికి, పంపినా అది దెబ్బతిన్న నాణెం కిందికే వస్తుంది. టూత్‌పేస్టుతో తోమేవాళ్ల గురించి ఇక చెప్పను, బీపీ పెరుగుతుంది.

మీ నాణేన్ని ముందు రెండు వైపులా చూడండి. చీకటి గదిలో టార్చి పక్కవాటుగా పట్టుకుని, భూతద్దంతో మెల్లగా తిప్పండి. నా సంచిలో మిగిలినవాటిలో నాలుగింటి సంవత్సరం అలాగే చదివాను. యాసిడ్ సీసా మూత మళ్లీ తియ్యలేదు.