మిడత వృషణం స్లైడులో ఆ ముదురు ముద్ద న్యూక్లియోలసా, క్రోమోజోమా?

మీరు అడిగింది మిడత వృషణం స్క్వాష్‌లో (కణజాలాన్ని స్లైడు మీద నలిపి చేసేది), మియోసిస్ (శుక్రకణాలు తయారయ్యే కణ విభజన) తొలి దశైన మొదటి ప్రొఫేజ్ కణాల్లో కేంద్రకం అంచుకు అతుక్కుని కనిపించే ముదురు ముద్ద గురించే కదా. ఎసిటో ఆర్సీన్‌తోనో కార్మిన్‌తోనో రంగు వేసి ఉంటే అది దాదాపుగా ఎక్స్ క్రోమోజోమే. నేను ఏటా పిల్లలతో ఈ ప్రాక్టికల్ చేయిస్తాను, ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు దానికి బాణం గీసి ‘కేంద్రకాంశం’ (న్యూక్లియోలస్, కేంద్రకం లోపల రైబోసోములు తయారయ్యే చోటు) అని రికార్డులో రాసేస్తారు. వాళ్లనీ అనలేం లెండి, 1891లో జర్మన్ శాస్త్రవేత్త హెన్‌కింగ్ ఒక నల్లి జాతి పురుగులో దీన్ని చూసినప్పుడు అసలు ఇది క్రోమోజోమేనా అని ఆయనకే సందేహం.

మామూలుగా దొరికే చాలా మిడతల్లో మగదానికి 23 క్రోమోజోములు, ఆడదానికి 24. మగదానిలో ఎక్స్ ఒక్కటే, జత లేదు. మిగతావి సన్నటి దారాల్లా విడిపోయి జతకడుతుంటే ఇది మాత్రం ముడుచుకునే ఉంటుంది, అందుకే అంత ముదురు. న్యూక్లియోలస్‌లో ఉండేది ఎక్కువగా ప్రోటీన్, ఆర్ఎన్ఏ. డీఎన్ఏకి మాత్రమే రంగు పట్టించే ఫ్యూల్జన్ వేస్తే అది పాలిపోయి ఖాళీగా కనిపిస్తుంది, ఎక్స్ గులాబీ రంగులో నిలబడుతుంది. సిల్వర్ నైట్రేట్‌తో వ్యవహారం తిరగబడుతుంది, న్యూక్లియోలస్ నల్లగా, క్రోమోజోములు లేత పసుపుగా వస్తాయి.

ఇవేవీ లేకపోయినా తేల్చుకోవచ్చు. అదే స్లైడులో మొదటి మెటాఫేజ్ (క్రోమోజోముల జతలు కణం మధ్యలో బారుతీరే దశ) కణాలు వెతకండి. అప్పటికి న్యూక్లియోలస్ కరిగిపోయి ఉంటుంది. ఎక్స్ మాత్రం 11 జతలకు ఎడంగా, ఏదో ఒక ధ్రువం వైపు ఒంటరిగా ఉంటుంది (ప్రొఫేజ్‌లో ఉన్నంత ముదురుగా ఉండకపోవచ్చు, కంగారు పడకండి). అనాఫేజ్ (క్రోమోజోములు రెండు వైపులకీ విడిపోయే దశ) బాగా పరుచుకున్న కణం దొరికితే లెక్కపెట్టి చూడండి, ఒక వైపు 12, రెండో వైపు 11 వస్తాయి. నా మటుకు నాకు రంగుల కన్నా ఈ లెక్క మీదే నమ్మకం.

అయితే ఇదే సూత్రాన్ని డ్రోసోఫిలాకి (పండ్ల ఈగకి) పట్టుకెళ్లకండి. అక్కడ రైబోసోమల్ ఆర్ఎన్ఏ జన్యువులు (న్యూక్లియోలస్ ఏర్పడేది వీటి దగ్గరే) ఎక్స్ మీదా వై మీదా ఉంటాయి, మగ ఈగలో ఆ రెండూ జతకట్టేది కూడా ఆ భాగం దగ్గరే, కాబట్టి న్యూక్లియోలస్, లింగ క్రోమోజోములు కలిసే కనిపిస్తాయి.

ఇంకొకటి, వృషణం మొత్తం నలిపేయకండి. చుట్టూ ఉన్న పసుపు కొవ్వు తీసేసి, ఒకటి రెండు నాళికలు మాత్రమే పెట్టండి. మూసుకున్న కొన దగ్గర స్పెర్మటోగోనియాలు (ఇంకా మియోసిస్ మొదలుపెట్టని కణాలు), అటుపక్క చివర సూదుల్లాంటి తలలతో శుక్రకణాలు ఉంటాయి, మీకు కావాల్సిన దశలన్నీ ఆ మధ్యలోనే.