మానవతా విలువలతో పెద్ద కంపెనీని నడపడం నిజంగా సాధ్యమేనా?

సాధ్యమే. అయితే మంచితనం ఒక్కటే సరిపోదు. జపాన్‌కు చెందిన కజువో ఇనమోరినే చూడండి. 1959లో ఆయన క్యోసెరా అనే సిరామిక్ విడిభాగాల కంపెనీ స్థాపించారు. రెండేళ్లకు పదకొండు మంది యువ ఉద్యోగులు జీతాల పెంపు, బోనస్‌లకు హామీ ఇవ్వకపోతే మానేస్తామని పట్టుబట్టారు. మూడు రోజులు కూర్చుని మాట్లాడితే గానీ వాళ్లు మెత్తబడలేదు. ఆ దెబ్బతోనే, ఉద్యోగుల భౌతిక, మానసిక శ్రేయస్సే కంపెనీ లక్ష్యమని ఆయన తేల్చుకున్నారు.

2010లో జపాన్ ఎయిర్‌లైన్స్ దివాలా తీసింది. 78 ఏళ్ల ఇనమోరి జీతం లేకుండా ఛైర్మన్ పదవి చేపట్టారు. పై అధికారులను కూర్చోబెట్టి ‘మనిషిగా ఏది సరైనది?’ అన్న ప్రశ్నతో పాఠాలు మొదలుపెట్టారు. ఇవి చిన్నపిల్లల నీతులని వాళ్లలో కొందరు పెదవి విరిచారు. లెక్కల దగ్గర మాత్రం ఆయన కఠినుడు: ఏ విమానం నడిపితే ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది వెంటనే తెలియాలి. 2012 సెప్టెంబరులో సంస్థ మళ్లీ టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి ఎక్కింది.

ఆయన అభిమానులు తరచూ దాటవేసే సంగతి ఒకటుంది. ఈ కోలుకోవడం వెనుక ప్రభుత్వ అండతో వచ్చిన 35 వేల కోట్ల యెన్ల పెట్టుబడి, సుమారు 16 వేల ఉద్యోగాల కోత ఉన్నాయి. తొలగించిన పైలట్లు, క్యాబిన్ సిబ్బందిలో కొందరు కోర్టుకు కూడా వెళ్లారు.