గుడి లేని కొండకు హక్కు లేదా?

ప్రశ్న: మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండమీది గూడెం. ఉద్యోగరీత్యా కూకట్‌పల్లిలో ఉంటున్నాను. మా ఊరి పైన పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు వస్తుందట. ఎగువ రిజర్వాయరు మా జాకరమ్మ కొండమీదే కడతారట. డ్రిల్లింగ్ మిషన్ దిగింది. కొండను తొలిచి తీసిన రాతి కడ్డీలను నంబర్లు వేసి పెట్టెల్లో పేర్చారు. అమ్మవారికి గుడి లేదు, పసుపు రాసిన రాయి, చెట్టు మాత్రమే. కొండకు పట్టా కూడా లేదు. 'కింద మంచి గుడి కట్టిస్తాం' అంటున్నారు. సర్పంచి సంతకం పెట్టేశాడట. ఇక్కడి హైకోర్టులో కేసు వేయొచ్చా?

జవాబు: ఆ పెట్టెల సంగతి చదివి మనసు కలుక్కుమంది. ముందు మీ చివరి సందేహం: ఊరు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కాబట్టి కేసు అమరావతి హైకోర్టులోనే వేయాలి. పర్యావరణ అనుమతి ఇచ్చేస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచీకి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఆలస్యాన్ని మన్నించవచ్చు. ఆ తర్వాత దారి మూసుకున్నట్టే.

నాగార్జునసాగర్‌లో రివర్సిబుల్ టర్బైన్లు రాత్రి నీళ్లు పైకి తోడి, కరెంటు కావాల్సినప్పుడు కిందికి వదలడం మీరు వినే ఉంటారు. పంప్డ్ స్టోరేజీ అంటే అదే. అయితే సాగర్‌లో పైన అప్పటికే డ్యాము ఉంది. మీ దగ్గర పై చెరువు కోసం కొండ తలనే చెక్కాలి. అందుకే 'అమ్మవారిని కిందికి మారుస్తాం' అనే మాటకు తొందరపడి తలూపకండి.

గుడి లేకపోవడం మీ కేసుకు లోటు కాదు. బాక్సైట్ గని తవ్వాలనుకున్న ఒడిశా నియమగిరిలోనూ గుడి లేదు. అక్కడి డోంగ్రియా కోందు గిరిజనులకు కొండే నియమరాజు అనే దేవుడు. వాళ్ల మతపరమైన, సాంస్కృతిక హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. సభలు జరిగిన 12 ఊళ్లూ వద్దన్నాయి. బాక్సైట్ గనికి అనుమతి రాలేదు.

సర్పంచి సంతకం గ్రామసభ తీర్మానం కాదు. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభకు కనీసం సగం మంది సభ్యులు రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతంలో (రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన గిరిజన ప్రాంతంలో) భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించమంటుంది. 2013 భూసేకరణ చట్టం ఇంకో మెట్టెక్కి, ముందస్తు సమ్మతి అడుగుతుంది. సంప్రదింపు వేరు, సమ్మతి వేరు. అధికారులు మొదటిది చూపించి రెండోది అయిపోయిందంటే ఒప్పుకోకండి.

ప్రైవేటు కంపెనీ అయితే, షెడ్యూల్డ్ ప్రాంత భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం, 1997 సమత తీర్పు మీకు గట్టి అండ. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని, కంపెనీ కూడా గిరిజనేతరుడే అని ఆ తీర్పు. ప్రభుత్వ సంస్థే కడితే మాత్రం ఈ వాదన బలం తగ్గుతుంది. అప్పుడు గ్రామసభే మీ ఆధారం.

పట్టా లేదన్న బెంగకు మందు అటవీ హక్కుల చట్టం ఇచ్చే సామూహిక అటవీ వనరుల హక్కు. కొండ అటవీ భూమి అయితే ఫారం-సి నింపి గ్రామసభ ద్వారా క్లెయిము పెట్టండి. పవిత్రమైన చెట్లు, వనాలు, నీటి తావులు, శ్మశానాలను నిబంధనలే సాక్ష్యంగా ఒప్పుకుంటాయి. పెద్దవాళ్ల మాటను రాతలో పెట్టినా సాక్ష్యమే. కొండ పేరు, నాలుగు హద్దులు, ఏ పండక్కి ఎవరు ఏ దారిన ఎక్కుతారో రాయించండి, ఫొటోలు తీయండి. డ్రిల్లింగ్‌కి ఎవరు, ఏ కాగితంతో అనుమతిచ్చారో కలెక్టరేటుకీ, అటవీ డివిజన్ కార్యాలయానికీ సమాచార హక్కు దరఖాస్తులు పెట్టండి. హైదరాబాద్ నుంచి ఆ పని ఈ వారమే మీరు చేయొచ్చు.

లాయరు ఫీజు గురించి ఆగొద్దు. షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. ఊళ్లో అందరికీ ఫోను చేసి, రాయని కాగితం మీద ఎవరూ వేలిముద్ర వేయొద్దని ఈరోజే చెప్పండి. మన్యం గిరిజనుల ఇటుకల పండుగకు వలస వెళ్లినవాళ్లూ ఇల్లు చేరతారు కదా, అప్పుడు గ్రామసభ పెడితే కోరం (రావాల్సిన కనీస సంఖ్య) దానంతటదే నిండుతుంది. అంతకుముందే అనుమతులు కదిలితే పండుగ కోసం ఆగకండి.