అమ్మానాన్న పలాస దగ్గరి సొంతూరికి వెళ్లిపోతామంటున్నారు, సరుకులు, మందులు ఇక్కడి నుంచే పంపితే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ ఫ్లాటులో రోజు గడవడం లేదని మీ అమ్మానాన్న పలాస దగ్గరి సొంతూరికి వెళ్లిపోతామంటున్నారు. ఇద్దరికీ అరవై దాటాయి, నాన్నగారికి బీపీ ఉంది. నెల సరుకులు, మందులు మీరే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి పంపాలా, లేక ఊళ్లో దుకాణాలను నమ్ముకోవచ్చా అని మీకు టెన్షన్.

నేను పుట్టి పెరిగింది పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో, ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతున్నదీ ఇక్కడే. నా మాట ఇది: వాళ్లను వెళ్లనివ్వండి, సరుకులూ మందులూ అక్కడే కొనుక్కోనివ్వండి. మీరు హైదరాబాద్‌లో ఉన్నంతకాలం మీ అమ్మానాన్నలను రోజూ కళ్లారా చూసేది ఆ దుకాణాల వాళ్లే.

ముందు మందుల సంగతి. మా అమ్మ చాలా ఏళ్లు జీడి ఫ్యాక్టరీలో పప్పు ఒలిచింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కింద కూర్చుని, ఒక్కో పప్పు మీద అంటుకున్న ఎర్రటి పొరను చాకుతో గీరి తీసే పని. మోకాళ్లు, నడుము పట్టేస్తాయి. మా వైపు ఒళ్లు నొప్పులంటే మెడికల్ షాపులో ఓ బిళ్ల తెచ్చుకుని వేసుకోవడం, మర్నాడు మళ్లీ పనిలోకి పోవడం అలవాటు. మా వీధి చివరి మెడికల్ షాపాయన ఒకరోజు అమ్మకు ఆ బిళ్లలు ఇవ్వనన్నాడు. "అప్పా, ఇవి నీకింక ఇవ్వను. ముందు కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని రిపోర్టు తే, అప్పుడు మాటాడదాం" అన్నాడు. అమ్మకు కోపమొచ్చి పక్క షాపుకు పోతానంది. "ఎల్లు, ఆడికీ ఫోన్ చేసి సెప్పేస్తాను" అన్నాడాయన. నవ్వుతూనే అన్నా అన్నంత పనీ చేశాడు.

ఆయన అంత పట్టుబట్టడానికి కారణం మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు తాకని వీధి దొరకడం కష్టం. షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా వస్తోంది. ఫలానా దానివల్లే అని ఇన్నేళ్ల పరిశోధనల్లోనూ తేలలేదు. కానీ నొప్పి మాత్రలు అదేపనిగా వాడితే కిడ్నీలు దెబ్బతింటాయన్నదీ, అదుపులో లేని బీపీ వాటిని పాడుచేస్తుందన్నదీ డాక్టర్లందరూ చెప్పే మాటే. జబ్బు మొదట్లో పైకి ఏమీ కనిపించదు, రక్తపరీక్షలోనే బయటపడుతుంది. అందుకే నాన్నగారు వెళ్లగానే ఒకసారి క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించండి. ఆ తర్వాత ఎన్నాళ్లకోసారి చేయించాలో డాక్టరు చెబుతారు. ఊరిని చూసి భయపడమని కాదు, ఇక్కడ ఉండేవాళ్లందరం చేసేదే.

కొరియర్‌లో వచ్చిన బీపీ మాత్రలు ఇంట్లో ఉంటాయి, వేసుకున్నారో లేదో ఎవరికీ తెలియదు. షాపులో అయితే నెల తిరిగినా మనిషి రాకపోతే "మాస్టారు ఈసారి రాలేదేంటి" అని అడిగే నాథుడు ఉంటాడు. మా అమ్మ విషయంలో రెండుసార్లు అలాగే నాకు ఫోన్ వచ్చింది.

ఇక కిరాణా. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే 2018 తిత్లీ తుపాను నా కళ్లముందు జరిగింది. అక్టోబరు 11 తెల్లవారుజామున అది తీరం దాటింది మన వైపే. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి, జీడితోటలు నేలమట్టం. కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. సెల్ టవర్లు పనిచేయలేదు, ఏటీఎంలు మూగబోయాయి. కొన్ని ఊళ్లకు వారం, పది రోజులు దాటినా కరెంటు రాలేదు. బ్యాంకులో డబ్బు ఉన్నవాడూ లేనివాడూ ఒకటే అయిపోయిన రోజులవి. మా వీధి కిరాణా కొట్టు ఆవిడ తలుపు సగం తెరిచి, టార్చి లైటు వెలుతురులో బియ్యం తూచింది. డబ్బు మాట ఎత్తితే "డబ్బులెక్కడికి పోతాయి బావూ, ముందు అట్టుకెళ్లండి" అంది. ఆ పద్దులన్నీ పాత నోటుపుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుంది. రైసుమిల్లు జనరేటరుతో ఒకాయన వీధి వాళ్లందరి బావుల్లోంచి నీళ్లు తోడించాడు, సెల్‌ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోనిచ్చాడు. కొవ్వొత్తులు, పాలపాకెట్లు రెట్టింపు ధరకు అమ్మిన వాళ్లూ ఉన్నారు, లేరనను. వాళ్లెవరో కూడా ఊరు గుర్తుపెట్టుకుంది.

ఆవిడ అలా అరువివ్వగలిగిందంటే మంచితనం ఒక్కటే సరిపోదు, మామూలు రోజుల్లో కొట్టు నడవాలి. పలాసలో జీడిపిక్కల రేటు పెరిగినప్పుడో, పప్పుకు గిరాకీ తగ్గినప్పుడో ఫ్యాక్టరీలు కొన్నాళ్లు ఆపేస్తారు. ఒలిచే ఆడవాళ్లకు ఆ రోజుల్లో కూలి ఉండదు. వాళ్లంతా ఇదే కొట్లో ఖాతా పెడతారు. ఆ ఖాతాలను మోసేది నెలనెలా రొక్కం ఇచ్చి కొనే ఉద్యోగస్తులూ పింఛనుదార్లూ. వీళ్లంతా ఆన్‌లైన్‌కు మారిపోతే కొట్టువాళ్ల దగ్గర అరువు పద్దులే మిగులుతాయి, హోల్‌సేల్ వాడికి కట్టడానికి డబ్బుండదు. మీ నాన్నగారి పింఛనులో నెలకు కొన్ని వేలు ఆ కొట్లో పడ్డాయంటే, దాని మీదే పక్క వీధిలో ఇంకో ఇంటికి పప్పూ ఉప్పూ వెళ్తాయి. ఇది నేను మనస్ఫూర్తిగా నమ్మే మాట.

అలాగని గుడ్డిగా కొనమనను. ప్యాకెట్ల మీద తేదీ చూసుకోవాలి, మందులకు బిల్లు అడిగి తీసుకోవాలి. బీపీ మిషన్, మోకాలి బెల్టు లాంటివి ఆన్‌లైన్‌లో తెప్పించండి, రకాలు ఎక్కువ ఉంటాయి.

లోటు ఉన్నది పెద్ద వైద్యం విషయంలో. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, దానితోపాటు 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అప్పుడే హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి, అంటే నేను పైన చెప్పిన మండలాల ప్రాంతానికి, మంచినీళ్ల పథకం కూడా మొదలైంది. డయాలసిస్ కోసం విశాఖ దాకా పరుగెత్తిన రోజులు చూసినవాళ్లకు అది చిన్న విషయం కాదు. కానీ గుండె, నరాల లాంటి వాటికి ఇప్పటికీ శ్రీకాకుళమో, విశాఖో, బరంపురమో వెళ్లాలి. అర్ధరాత్రి కారు పంపగల మనిషి నంబరు ఒకటి అమ్మ ఫోన్‌లో ఇప్పుడే ఎక్కించండి. 108 ఉంది, దాంతోపాటు ఇదీ ఉండాలి.

మీరు అడగలేదు గానీ నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇంకొకటుంది. ఉద్యోగం మానేసి ఊరికొచ్చినవాళ్లు మొదటి రెండు నెలలు చుట్టాలతో సరదాగా ఉంటారు, తర్వాత అరుగు మీద కూర్చుని నీరసపడతారు. నాన్నగారికి ఏదో ఒక పని అప్పగించండి. వేసవిలో ఇక్కడ వ్యాపారులు చందాలేసుకుని చలివేంద్రాలు పెడతారు. కుండలు రోజూ కడిగించి, నీళ్లు మార్పించి, మధ్యాహ్నం మజ్జిగ అందేలా చూసే పెద్దమనిషి కోసం వాళ్లు వెతుక్కుంటూ ఉంటారు, ఎందుకంటే డబ్బిచ్చేవాళ్లు దొరికినంత తేలిగ్గా సమయమిచ్చేవాళ్లు దొరకరు. మా బడిలో సాయంత్రం పిల్లలకు లెక్కలు చెప్పడానికి వచ్చే రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఒకాయన ఉన్నారు. వచ్చిన కొత్తలో కర్ర పట్టుకుని నడిచేవారు. ఇప్పుడు పిల్లలే ఇంటికెళ్లి ఆయన్ను తీసుకొస్తారు, దారి పొడుగునా కబుర్లే. అమ్మకు ఇలాంటి దిగులు ఉండదనుకుంటాను. ఇరుగుపొరుగు, గుడి, డ్వాక్రా మీటింగులతో ఆడవాళ్లు తొందరగానే కలిసిపోతారు.

మీరూ ఊరొచ్చినప్పుడు రక్తదాన శిబిరం ఉంటే ఇచ్చి వెళ్లండి. మగవాళ్లయితే 90 రోజులకోసారి, ఆడవాళ్లయితే 120 రోజులకోసారి ఇవ్వొచ్చు. ఇక్కడి కుర్రాళ్లు వాట్సాప్‌లో బ్లడ్ గ్రూపుల వారీగా పేర్లు రాసి పెట్టుకుంటారు. కిడ్నీ రోగుల్లో రక్తహీనత ఎక్కువ కాబట్టి అవసరం ఎప్పుడూ ఉంటుంది.

అమ్మానాన్నతోపాటు మీరూ ఒక పది రోజులు సెలవు పెట్టి రండి. కిరాణా, మెడికల్ షాపు, పాలు పోసేవాళ్లు, ఆటో అతను, అందరి దగ్గరికీ నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లి, వాళ్ల నంబర్లు తీసుకోండి, మీ నంబరు ఇవ్వండి. మెడికల్ షాపాయనకు పాత ప్రిస్క్రిప్షన్ల జిరాక్సు ఒక సెట్టు ఇచ్చి ఉంచండి. కొట్టులో మొదటి నెల సరుకులు రొక్కమిచ్చి కొనండి. తిరిగి వెళ్లేటప్పుడు మందస కోవా, జీడిపప్పు ఎలాగూ కొంటారు కాబట్టి అదీ చెబుతాను: 240, 320 అని చెప్పే నంబర్లు ఒక పౌండుకు (అర కిలో కన్నా కొంచెం తక్కువ) సుమారు ఎన్ని పప్పులు తూగుతాయో చెప్పేవి. నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధరా ఎక్కువ. వంటకు బద్దా ముక్కా చాలు, రుచి ఒకటే.