ఏజెన్సీ 26 వేలా, తెలిసినావిడ 16 వేలా, అమ్మ దగ్గర ఎవర్ని పెట్టాలి?

బెంగళూరు నుంచి ఒకమ్మాయి అడిగింది. వాళ్లమ్మగారికి 74, విశాఖ ఎంవీపీ కాలనీలో సొంతింట్లో ఒక్కరే ఉంటారు, ఈమధ్య బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరిగి ఆపరేషన్ అయింది. ఫ్యామిలీ పెన్షన్ 19 వేలు, ఎఫ్‌డీలో 20 లక్షలు, మందులు సరుకులు అన్నీ కలిపి నెలకి 12 వేలు ఖర్చు. ఇంట్లోనే ఉండి చూసుకునే మనిషికి ఏజెన్సీ 26 వేలంటోంది, పక్కింటివాళ్లకి తెలిసినావిడ 16కే వస్తానంటోంది, ఏది నయం అని.

అమ్మా, ముందు ఆ ఏజెన్సీని మొహమాటం లేకుండా ఒక్కటడగండి, 26లో మా ఇంటికొచ్చే మనిషి చేతికి ఎంతిస్తారు అని. ఆవిడకి 14 ఇస్తుంటే ఇంకోచోట 15 అనగానే వెళ్లిపోతుంది, ఆపలేరు. మరి మిగతా 12కి వాళ్లేం చేస్తున్నారు? వారానికోసారి నర్సు వచ్చి చూస్తుందా, మనిషి రాకపోతే అదే రోజు ఇంకొకర్ని పంపుతారా, పోలీస్ వెరిఫికేషన్ కాగితం చేతిలో పెడతారా. ఇవన్నీ ఉంటే 26 ఎక్కువేం కాదు, లేకపోతే మీరు కడుతున్నది ఉత్త కమీషన్.

మా నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టినప్పుడు ఇది నాకు తెలీలేదు, ఏజెన్సీ అంటే అన్నీ వాళ్లే చూసుకుంటారనుకున్నా. రెండు నెలల్లో నలుగుర్ని మార్చారు, కొత్తగా వచ్చినామెకి రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని చెప్పినవాళ్లే లేరు, నడుం కింద పుండు పడి అది మానడానికి పెట్టిన ఖర్చు, ఆయన పడ్డ బాధ, ఇప్పటికీ తలుచుకుంటే నిద్ర పట్టదు. అందుకే చెప్తున్నా, రేటు ఒక్కటే చూడకండి.

మీ విషయంలో నేనైతే మొదటి మూడు నెలలు ఏజెన్సీనే పెడతాను, పైన చెప్పినవి ఒప్పుకుంటేనే. తుంటి కీలు మార్చి ఉంటే తప్పుగా లేపినా, కాలు మెలితిరిగినా కీలు జారే ప్రమాదం మొదట్లోనే ఎక్కువ. ఫిజియో వచ్చినప్పుడు ఎలా లేపాలో ఆ మనిషికి చేయించి చూపించమనండి.

డబ్బు సంగతికొస్తే, 15 లక్షలు అమ్మగారి పేరు మీద సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో (పెద్దవాళ్లకోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు పథకం) వేయండి, 8.2 శాతం లెక్కన మూడు నెలలకి 30,750 వస్తుంది, అంటే నెలకి 10,250. పెన్షన్‌తో కలిపి 29,250. ఏజెన్సీ ఉన్నన్నాళ్లూ ఖర్చు 38 వేలు, నెలకి 8,750 తక్కువ పడుతుంది, మూడు నెలలకి 26,250, అది మిగతా 5 లక్షల్లోంచి తీయండి. ఆ 5 లక్షలు మాత్రం ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచండి, ఎందుకంటే స్కీమ్‌లో వేసింది ఏడాదిలోపు తీస్తే ఇచ్చిన వడ్డీ వెనక్కి తీసేసుకుంటారు.

అమ్మగారు లేచి తిరుగుతున్నాక ఆ తెలిసినావిడని పెట్టుకోండి, కానీ 16 కాదు, 18 ఇవ్వండి. వారానికో రోజు సెలవు, రాత్రి నిద్ర ఉండేలా చూడండి, నిద్రలేని మనిషి మందుల డోసు తప్పుతుంది, బాత్రూమ్‌కి తీసుకెళ్తూ తనూ పడుతుంది. అప్పుడు ఖర్చు 30 వేలు, మీరు నెలకి ఓ 750 వేస్తే చాలు. ఆ సెలవు రోజుకి ఇంకొకర్ని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, దానికో రెండు మూడు వేలు అదనంగా అనుకోండి.

చాలామంది 70 దాటితే ఆయుష్మాన్ కార్డు ఉంది కదా అంటారు, ఆ కార్డు మీద వచ్చే 5 లక్షలు హాస్పిటల్‌లో చేరితేనే, ఇంట్లో మనిషి జీతానికి రాదు. మామూలు హెల్త్ పాలసీలు కూడా ఇవ్వవు.

ఇంకోటి, ఎవరొచ్చినా ఏటీఎం కార్డు, పిన్ వాళ్ల చేతికి వెళ్లకూడదు, ఇది అనుమానించడం కాదు, రేపు ఏదైనా తేడా వస్తే ఆవిడ మీద నింద పడకుండా కూడా. ఇంటి ఖర్చుకి చిన్న అకౌంట్ వేరేగా పెట్టి నెలకి 12 వేలే అందులో ఉంచండి, మెసేజ్‌లు మీ ఫోన్‌కి వచ్చేలా చేయండి, బంగారం లాకర్‌లో పెట్టేయండి. ఎవరూ రాకముందే ఈ వారంలోనే బాత్రూమ్‌లో పట్టుకునే రాడ్లు, జారని మ్యాట్ వేయించండి, విడిగా ఉంచమన్న ఆ 5 లక్షల్లోంచి మొదట తీయాల్సింది దానికే.