నీళ్లలో తెగే నైలాన్ చదువు, అమ్మ టెన్షన్

ప్రశ్న: మేము చెన్నై రాయపురంలో స్థిరపడిన తెలుగువాళ్లం. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది. కాసిమేడు రేవులో కుప్పలు పడివున్న పాత నైలాన్ వలలు చూసినప్పటి నుంచి, నీళ్లలో దానంతటదే తెగిపోయే నైలాన్ మీద పనిచేస్తానంటోంది. ఎంబీఏ చేయమంటే వినదు. దీనికి భవిష్యత్తు ఉందా?

జవాబు: ఉందమ్మా. ముందు ఆ విషయమేమిటో మీరూ కాస్త తెలుసుకుంటే అమ్మాయితో మాట్లాడటం తేలికవుతుంది.

పూలదండలో పువ్వుకీ పువ్వుకీ మధ్య ముడి ఉన్నట్టే, నైలాన్ అణువు అనే పొడవాటి గొలుసులో ముక్కకీ ముక్కకీ మధ్య అమైడ్ బంధం అనే ముడి ఉంటుంది. ఉత్త నీళ్లు ఆ ముడిని అంత తేలిగ్గా విప్పలేవు. అందుకే పాత వల ఏళ్లు గడిచినా వలలాగే ఉంటుంది. దండలో అక్కడక్కడా ఎస్టర్ బంధాలనే, నీటికి తేలిగ్గా లొంగే ముళ్లు కలిపితే, నీరు ముందు ఆ ముళ్లనే తెంపుతుంది. దీన్నే జలవిశ్లేషణ అంటారు. ఉప్పులా కరగడం వేరు, ఇలా గొలుసు తెగడం వేరు. గొలుసులు వదులుగా ఉన్నచోట నీరు త్వరగా దూరుతుంది, స్ఫటికంలా బిగుసుకున్నచోట ఆలస్యమవుతుంది. వల విషయంలో అసలు చిక్కు, చేతిలో ఉన్నన్నాళ్లూ గట్టిగా ఉండాలి, సముద్రంలో పోయాక తెగాలి.

ఇలా తెగే నైలాన్‌లో శరీరం లోపల వాడే రకాలైతే, ల్యాబులో దాని చిన్న రేకును 7.4 పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) మారకుండా ఉంచే బఫర్ ద్రావణంలో, ఒంటి వేడికి సమానంగా 37 డిగ్రీల దగ్గర నానబెడతారు. కొన్నాళ్లకోసారి తీసి, ఆరబెట్టి, తూస్తారు. చాలాసార్లు వారాలు గడిచినా బరువు తగ్గదు. గొలుసులు ఎంత పొడవున్నాయో చెప్పే అణుభారం కొలిస్తే మాత్రం అప్పటికే బాగా పడిపోయి ఉంటుంది. తెగిన ముక్కలు నీళ్లలో కలిసిపోయేంత చిన్నవయ్యాకే త్రాసుకు తెలుస్తుంది. ఈ తేడా చూసి "ఎందుకలా?" అని అడిగే పిల్ల ఈ రంగంలో నిలబడుతుంది. తూకాలతోనే విసుగొస్తే కష్టం.

కేవలం ఈ నైలాన్ కోసమే ఉద్యోగం వెతికితే తక్కువే దొరుకుతాయి, దాచను. కానీ పాలిమర్లు, అంటే ఇలాంటి గొలుసు అణువుల పదార్థాలు, తెలిసినవాళ్లు టైర్లు, ప్యాకింగ్, వైద్య పరికరాల కంపెనీలకు కావాలి. త్వరగా సంపాదన కావాలంటే గిండీలో ఉన్న ప్లాస్టిక్స్ శిక్షణ సంస్థ సిపెట్‌లో బీఎస్సీవాళ్లకు ప్లాస్టిక్స్ ప్రాసెసింగ్, టెస్టింగ్ పీజీ డిప్లొమా ఉంది. పరిశోధనే కావాలంటే జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంఎస్సీ, తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్). అది వస్తే పీహెచ్‌డీ చేసేటప్పుడు గరిష్ఠంగా ఐదేళ్ల వరకు ఫెలోషిప్ అందుతుంది, ఖర్చు చాలావరకు మీ మీద పడదు.

ఈ సెమిస్టర్ ప్రాజెక్టుకు పాలిమర్ అంశమే ఇవ్వమని లెక్చరర్‌ను అడగమనండి. రెండు నెలలు తూకాలు వేశాక తనేమంటుందో విని, అప్పుడు ఎంబీఏ మాట ఎత్తండి.